కాశీ శ్మశానంలో ఆ సమాధి ఎక్కడిది?

హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడింది కాశీలో. అక్కడ శవాన్ని కాలుస్తారు, బూడిదను గంగలో కలుపుతారు. అయినా మన పద్యనాటకాల్లో కాటి సీను రాగానే హరిశ్చంద్ర వేషధారి చీకట్లోకి చెయ్యి చాపి ఒక కొత్త సమాధిని చూపిస్తాడు. దాని మీద మిణుగురు పురుగులా వెలుగుతున్న దీపాన్నీ చూపిస్తాడు. ‘ముదురు తమస్సులో’ అని ఎత్తుకునే ఆ చంపకమాల వినని పెద్దవాళ్లు మా పల్నాడులో తక్కువ. కాశీలో ఆ సమాధి ఎక్కడిది, ఆ దీపం ఎవరిది అని అడగ్గా నేను వినలేదు. రాగం అందుకున్నాక అడగాలని తోచదు కూడా.

ఆ పద్యం బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి ‘సత్యహరిశ్చంద్రీయం’లోది కాదు. అది గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’ ఖండికలోది. నాటకం 1912 నాటిది. తర్వాతెప్పుడో జాషువా గారు విడిగా రాసుకున్న పద్యాల్ని నటులు తెచ్చి కాటి సీనులో పెట్టారు. ‘ఎన్నో యేండ్లు గతించిపోయినవి’, ‘ఆకాశంబున కారుమబ్బుగము’, ‘ఇచ్చోటనే’, ‘ఇట నస్పృశ్యత’ అన్నీ అక్కడివే. ఇప్పుడవి లేకుండా కాటి సీను ఆడితే జనం ఊరుకోరు.

మా నాన్న హార్మోనిస్టు. చిన్నప్పుడు మా పల్లెలో లూథరన్ చర్చిలో కీర్తనలకు హార్మోనియం వాయించడం నేర్చుకున్నాడు. ఆ వేళ్లతోనే నాటకాలకు వెళ్లాడు. ఆదివారం పొద్దున ఆరాధన, శివరాత్రికీ శ్రీరామనవమికీ రాత్రంతా హరిశ్చంద్ర. ఆ రెండింటికీ పొసగదని ఆయనెప్పుడూ అనుకోలేదు. నాటకానికి వెళ్లే ముందు మధ్యాహ్నం పూట ఇంట్లో పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్క పద్యం మెట్ల మీద నడిపించుకునేవాడు. నేను పక్కన కూర్చుని హోంవర్కు రాసుకునేదాన్ని. అట్లా జాషువా గారి పేరు తెలియకముందే ఆయన పద్యాలు నాకు నోటికి వచ్చాయి. తర్వాత తెలుగు చదివాను, పంతులమ్మనయ్యాను, ‘గబ్బిలం’ పాఠం చెప్పాను. పుస్తకంలో జాషువా కంటే ముందు చెవిలో జాషువా ఉన్నాడు నాకు. ఆయన గురించి రాయాలనుకున్నప్పుడల్లా అక్కడి నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన బతుకంతా గొంతు చుట్టూ తిరిగింది.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. అప్పుడది కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగవారు, ఇద్దరూ క్రైస్తవం తీసుకున్నారు. ఊరు ఈ పిల్లవాణ్ణి ఏ కులం కింద లెక్కగట్టిందో చెప్పక్కర్లేదు. బడిలో అంటరానివాడన్న మాట పడ్డారు, ఎదురు తిరిగారు కూడా. పద్యం మీద మోజు చిన్నప్పటి నుంచీ ఉంది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఆ కాలంలో ఒక శాస్త్రి గారు ఈ పిల్లవాడికి కాళిదాసును చెప్పడం చిన్న సంగతి కాదు. మేఘసందేశం అక్కడ చదివి ఉండకపోతే తర్వాత గబ్బిలం రెక్కలు విప్పేదా అని నాకు అనుమానం.

కుర్రవయసులో ఉద్యోగం కోసం రాజమండ్రి వెళ్లారు. 1915-16 ప్రాంతం. అక్కడ దొరికిన పని వింతైనది. అప్పటి సినిమాకు మాట లేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి. ఎవరు ఎవరితో ఏమంటున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో జనానికి తెలుగులో విప్పాలి. ఆ మనిషి జాషువా. జీవిత చరిత్రల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది. నాకు మాత్రం ఆయన కవిత్వానికి తాళంచెవి ఇదేననిపిస్తుంది. నోరు లేని బొమ్మకు గొంతు ఇవ్వడం, అదీ చీకట్లో కూర్చున్న, చదువు రాని జనానికి అందేలా, మొదటిసారికే బోధపడేలా. ఆయన పద్యాల్లో గుర్తుండిపోయేవాళ్లందరూ చూడండి. అనాథ, గబ్బిలాన్ని పిలిచి చెప్పుకునే కూలివాడు, మాట తప్పిన సుల్తాను ముందు గుండె పగిలిన పారశీక కవి ఫిరదౌసి. వాళ్లు ఎదురుగా కనబడుతుంటారు, పక్కన నిలబడిన గొంతు ఒకటి వాళ్ల కథ మనకు చెబుతుంటుంది.

తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో, ఆపైన 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ శిక్షణాలయంలో పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రచారకుడిగా తిరిగారు. 1957-59 మధ్య మద్రాసు రేడియోలో పనిచేశారు. బయోస్కోపు, బడి, ఊరూరా ప్రచారం, రేడియో: అన్నీ నోటితో చేసే పనులే.

ఆ నోటినే సభల్లో మూయించాలని చూశారు. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఈయన్ని లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. ఇంకో పక్క, హిందూ పురాణాల మీద పద్యాలేమిటని సొంత మతం వాళ్లకూ కోపం వచ్చింది. ఆయన తన బాధ చెప్పుకున్న పద్యం ఒకటుంది. తన కవిత విని భళీ భళీ అన్న పెద్దమనిషే, మీదే కులం అని అడిగి, జవాబు వినగానే చివాలున లేచి వెళ్లిపోతాడు. అప్పుడు బాకుతో పొడిచినట్టుంటుంది, చెప్పడానికే సిగ్గేస్తుంది అంటారు. ఆ పద్యం క్లాసులో చదువుతున్నప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది. మా నాన్నకు వన్స్ మోర్ కొట్టిన ఊళ్లలో, నాటకం అయ్యాక తెల్లారగట్ల టీ ఇచ్చేటప్పుడు ఏం జరిగేదో నాకు తెలుసు. గ్లాసులు వేరు. నాన్న ఆ మాట ఎన్నడూ పెద్దగా చెప్పలేదు. టీ వద్దనేవాడు, అంతే.

అందుకే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారి సంగతి మా ఇంట్లో అంత మురిపెంగా చెప్పుకునేవాళ్లం. తిరుపతి వేంకట కవుల్లో ఒకరాయన. పాండవోద్యోగ విజయాలు రాసిన చెయ్యి. ఆంధ్రదేశంలో హార్మోనియం మోగిన ప్రతి చోటా ఆ పద్యాలు మోగాయి. అంతటి శతావధాని, పండిత కులంలో పుట్టిన పెద్దాయన, తన చేతులతో జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారు. కాలు పట్టుకోకుండా తొడిగేది కాదు కదా అది. నాన్న దృష్టిలో దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. రాయబారం సీను రాసినాయన కాటి సీను పద్యాలు రాసినాయన కాలు ముట్టాడు అనేవాడు. నాటకం వాళ్ల లోకంలో ఇంతకంటే పెద్ద సన్మానం లేదు. సాహిత్య అకాడమీ బహుమతి (‘క్రీస్తు చరిత్ర’కు, 1964), అదే ఏడు శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్ అన్నీ తర్వాత వచ్చాయి. 1971 జులై 24న గుంటూరులో పోయారు.

‘గబ్బిలం’ 1941లో వచ్చింది. దాని గురించి చాలామంది చాలా రాశారు కాబట్టి నేను ఒక్క సంగతి చెబుతాను. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే జాషువా కూలివాడు గబ్బిలాన్ని పంపుతాడని పరీక్షల్లో రాయిస్తాం. ఎందుకు గబ్బిలమే అంటే అపశకునపు పక్షి కనుక, అది కూడా వెలివేసినదే కనుక అని రాయిస్తాం. అసలు కారణం కవే చెప్పాడు. గుళ్లో వేలాడుతున్నప్పుడు శివుడి చెవి నీకు కొంచెం దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి నా కథ విన్నవించు అంటాడు. గుళ్లోకి తను పోలేడు, గబ్బిలం పోగలదు. తన రెక్కల కష్టం లేకపోతే పైరు పండడానికే సందేహిస్తుందనీ, లోకానికి అన్నం పెట్టేవాడికి తిండి లేదనీ కవి అంతకుముందే చెప్పి ఉన్నాడు. అట్లాంటి మనిషికి కావలసింది దేవుడి చెవి. మళ్లీ గొంతూ చెవీ! కేక వేసేవాడు దూరంగా ఉన్నాడు, వినవలసినవాడు గర్భగుడిలో ఉన్నాడు, మధ్యలో పూజారి ఉన్నాడు. ఈ దూరాన్ని దాటించే దూత కోసమే కావ్యమంతా.

ఆ గబ్బిలం గుడిసెలోకి వచ్చేటప్పుడు దాని రెక్కల గాలికి వాడి చిన్న ఆముదపు దీపం మెల్లగా ఆరిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి. శ్మశానవాటిలో కొత్త సమాధి మీదున్నదీ ఆముదపు దీపమే. అక్కడ మాత్రం ఆముదం అయిపోయినా దీపం ఆరదు. దాన్ని దీపమనుకుంటున్నారా, అది హృదయం సుమా, బిడ్డను పోగొట్టుకున్న ఏ అభాగ్యురాలో ఇక్కడ నిలిపి వెళ్లింది అంటాడు కవి.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్నకు వస్తాను. ఆ సమాధి ఎక్కడిదని నేనొకసారి నాన్ననే అడిగాను. అప్పటికి కాలేజీలో చదువుతున్నాను, కాశీలో సమాధులుండవని చెప్పి నెగ్గాలని సరదా. నాన్న హార్మోనియం బెల్లోస్ మూసి, “అది మనోళ్ల సమాధమ్మా” అన్నాడు. “సమాధుల పండగనాడు మీ నాయనమ్మ దీపం పెట్టేది సూళ్ళా?”

చూశాను. మా నాయనమ్మకు మా అత్త ఒకామె చిన్నప్పుడే పోయింది. ఏటా నవంబరులో సమాధుల పండగకు అందరూ కొవ్వొత్తులు కొని తెస్తే, ఆవిడ ప్రమిదే పెట్టేది. గాలికి ఆరితే మళ్లీ వెలిగించేది. మా వాళ్లు పాతిపెడతారు, కాల్చరు. వినుకొండ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా గారు చిన్నతనంలో చూసిన మట్టిదిబ్బలూ దీపాలూ ఇవే అయి ఉంటాయని నా నమ్మకం. ఆయన ఏ శ్మశానాన్ని తలుచుకుని రాశారో నేను నిరూపించలేను. ఆ పద్యం చదివిన ప్రతిసారీ నాకు కనిపించేది మాత్రం మా సమాధుల దొడ్డే. హరిశ్చంద్రుడి కాశీలోకి మా పల్లె సమాధి ఒకటి నడిచి వెళ్లింది. దాన్ని అక్కడికి తీసుకెళ్లింది రాగం కోసం మంచి పద్యాలు వెతుక్కున్న నటులు.

నటులకు అవి ఎందుకు కావలసి వచ్చాయో హార్మోనియం పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. చంద్రమతి లోహితాస్యుడి శవంతో రాకముందు రంగం మీద హరిశ్చంద్రుడు ఒక్కడే ఉంటాడు. తోడు పాత్ర లేదు, సంభాషణ లేదు. గొంతు ఒక్కటే ఆ సమయాన్ని మోయాలి. శార్దూలానికి ఉండే నడక అక్కడ పనికొస్తుంది. ‘ఎన్నో యేండ్లు’ అని దీర్ఘాల మీద నిలబెట్టవచ్చు, యతి దగ్గర ఊపిరి తీసుకోవచ్చు. ‘ఇచ్చోటనే’ సీసం, అందులో అడుగడుగునా అదే మాట మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా కొంచెం పైకి ఎక్కి, ఎత్తుగీతిలో శివుడు గజ్జె కదిలించి ఆడే చోటికి చేరేసరికి జనం ఊగిపోతారు. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి.సుబ్బారావు గారి క్యాసెట్లు విని గొంతు సాధన చేసిన కుర్రాళ్లు మా చుట్టుపక్కల ఎంతమందో. అక్షరం రానివాళ్లు కూడా తప్పు లేకుండా పాడేవాళ్లు.

ఆ సీసంలో బూడిదైపోయిన వాటి వరస చూడండి. మొదట మంచి కవి కలం, తర్వాత రాజు గారి అధికార ముద్రిక, తర్వాత లేత ఇల్లాలి నల్లపూసలు, తర్వాత చిత్రకారుడి కుంచె. రాజు రెండోవాడు! ఈ మాట అనేది హరిశ్చంద్రుడు, అంటే రాజే. తన ముద్రిక కంటే ముందు ఒక కవి కలాన్ని తలుచుకుని ఏడుస్తాడు. రాజు రాతి విగ్రహాల్లో బతుకుతాడు, సుకవి జనం నాలుకల మీద బతుకుతాడు అని వేరే చోట చెప్పిన మనిషి కదా.

ఇప్పుడు ‘ఇట నస్పృశ్యత’. మత్తేభం. ఇక్కడ అంటరానితనం తిరగడానికి దారే లేదు, పెద్దపులినీ మేకనూ ఒక పక్కన చేర్చి జోకొట్టే ధర్మం ఇక్కడ ఉంది అంటుంది. ఈ పద్యం హరిశ్చంద్రుడి నోట పడ్డాక దాని బలం మారిపోయింది. ఆ వేళకు హరిశ్చంద్రుడు ఎవరు? వీరబాహుడికి అమ్ముడుపోయిన కాటికాపరి. సూర్యవంశపు రాజు ఊరి చివరివాడికి బంటు. అటువంటివాడు కర్ర పట్టుకుని, గుడి ముందు పందిట్లో, ఊరందరి ఎదుట నిలబడి అస్పృశ్యత మాట ఎత్తుతాడు. జాషువా పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వని మనుషులు కూడా ఆ పద్యానికి వన్స్ మోర్ అనేవాళ్లు. పందిరి వెనక చాపలు వేసుకుని కూర్చున్న మా వాళ్లకు మైకులోంచి అది వినబడేది. రాసింది మనవాడని వెనకున్న వాళ్లకు తెలుసు. ముందున్న వాళ్లలో ఎందరికి తెలుసో!

మా ఊళ్లో రెండు శ్మశానాలు. వాగు ఒడ్డున ఊరిది, ఇవతల డొంక దారిలో మాది. చచ్చాక కూడా దారి వేరు. మరి జాషువా గారు అట్లా ఎందుకు రాశారు? ఊళ్ల సంగతి ఆయనకు తెలియకనా? మా పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. నేను చెప్పేది ఇది. మట్టి ఎవర్నైనా ఒకేలా కలుపుకుంటుంది, అది మట్టి చేసే పని. గీత గీసింది బతికున్నవాళ్లు. ఆ పద్యం వింటున్న ఊరివాడికి తన ఊళ్లో రెండు శ్మశానాలున్నాయని ఆ క్షణాన గుర్తు రావాలి. వస్తే సిగ్గుపడాలి. తిట్టులాగా చెప్పుంటే లేచి వెళ్లిపోయేవాడు. చంద్రమతి వచ్చే ఘట్టం కోసం కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నవాడు గనుక విన్నాడు. తన కత్తి కవిత్వమని, ఆ కత్తికి సంఘం మీద ద్వేషం లేదు, దాని తీరు మీదే ద్వేషమని జాషువా గారు చెప్పుకున్నారు. కాటి సీనంత దగ్గరగా ఆ కత్తి ఇంకెక్కడా దిగలేదని నేననుకుంటాను.

అయితే రాత్రి పొద్దుపోయినప్పుడు మొదట ఎగరగొట్టేది ఆ పద్యాన్నే. ‘ఇచ్చోటనే’ను వదలరు, అది చప్పట్ల పద్యం. ఒక నటుడు ఒకసారి దాని నుంచి నేరుగా వచనంలోకి దూకబోతే నాన్న శ్రుతి వదలకుండా ‘ఇట నస్పృశ్యత’ వరసనే వాయిస్తూ కూర్చున్నాడట. హార్మోనియం ఆగకపోతే నటుడు మాట మొదలుపెట్టలేడు. చివరికి పాడాడు. ఆ నటుడే తర్వాత ఈ సంగతి మా ఇంటికొచ్చి భోజనం చేస్తూ చెప్పాడు, ఆ రోజు నుంచీ ఎక్కడా వదల్లేదని కూడా చెప్పాడు.

నాన్న ఇప్పుడు వాయించడం లేదు. నేను పిల్లలకు ‘గబ్బిలం’ పాఠం మొదలుపెట్టే ముందు రోజు శ్మశానవాటి పద్యాలు వినిపిస్తాను, పాడగలిగినవాళ్లతో పాడిస్తాను. ముందు చెవిలో పడితే ఆ తర్వాత సంధులూ సమాసాలూ వాళ్లే విప్పుకుంటారు. ఉత్కటపుం బెబ్బులి అంటే భయపడే పిల్ల, రాగంలో రెండుసార్లు అన్నాక భయపడదు. జాషువా గారిని కొత్తగా చదవాలనుకునేవాళ్లకూ నా మాట ఇదే. మనసులో చదవకండి, పైకి చదవండి. చీకటి హాల్లో అందరికీ వినబడేలా కథ చెప్పి బతికిన మనిషి పద్యాలవి.

పద్యనాటకాలు ఆడించే పెద్దలకు, పరిషత్తుల వాళ్లకు ఒక మనవి. మీ కరపత్రాల మీద నాటకకర్తగా బలిజేపల్లి వారి పేరు వేస్తారు, అది న్యాయం. హరిశ్చంద్ర వేషధారుల పేర్లు, ఫొటోలు వేస్తారు. హార్మోనియం, తబలా, మేకప్, లైటింగ్, మైకు సెట్టు పేర్లు వేస్తారు. వాటితో పాటు ‘శ్మశానవాటి పద్యాలు: గుర్రం జాషువా’ అని ఒక్క వరస వేయండి. సీను మొదలయ్యే ముందు మైకులో కూడా ఆ పేరు చెప్పించండి.